ఆయుధ మన్నిక (వంతులవారీ పాత్రధారణ ఆటలు)

ఆయుధ మన్నిక అనేది కంప్యూటరు, వీడియో ఆటలలో ఒక ఆయుధం విరిగిపోయేలోపు, లేదా పనికిరాకుండా పోయేలోపు, దానిని ఎంతవరకు వాడవచ్చునో తెలిపే కొలత. ఈ కొలత ఉన్న ఆటలలో కత్తి, ఈటె, గొడ్డలి, విల్లు మొదలైనవి వాడుతున్నకొద్దీ అరిగిపోతాయి. అందువలన ఆటగాడు ఏ ఆయుధాన్ని, ఏ శత్రువుపై, ఎప్పుడు వాడాలో ముందుగా ఆలోచించుకోవలసి వస్తుంది. రోల్ ప్లేయింగ్ గేమ్ అనే పేరుతో ప్రసిద్ధమైన పాత్రధారణ ఆటలలో, ముఖ్యంగా వంతులవారీగా సాగే ఆటలలో, ఈ నియమానికి ప్రాధాన్యం ఎక్కువ.

వంతులవారీ ఆట అంటే

ఒకరి తరువాత ఒకరు ఎత్తు వేసే ఆటను వంతులవారీ ఆట అంటారు. చదరంగం, పులిజూదం, వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఈ కోవకు చెందినవే. వంతు వచ్చిన ఆటగాడు తొందర లేకుండా ఆలోచించి పావును కదుపుతాడు. కంప్యూటరు పాత్రధారణ ఆటలలో పావుల స్థానంలో కథలోని పాత్రలు ఉంటాయి. ప్రతి పాత్రకు బలం, వేగం, రక్షణ, ప్రాణశక్తి మొదలైన లక్షణాలు అంకెల రూపంలో ఉంటాయి. పాత్ర చేతిలోని ఆయుధానికి కూడా ఇటువంటి అంకెలే ఉంటాయి. ఈ రెండు రకాల అంకెలను కలిపి దెబ్బ తీవ్రతను కంప్యూటరు లెక్కిస్తుంది.

చేతి చురుకుదనంపై ఆధారపడే ఆటలలో ఆయుధం విరిగితే ఆటగాడు అప్పటికప్పుడు మరొకటి అందుకుంటాడు. వంతులవారీ ఆటలలో అలా కాక, ఎన్ని వాడుకలు మిగిలి ఉన్నాయో కళ్ళ ఎదుటనే కనిపిస్తుంది. ఆలోచించుకొనే వ్యవధి కూడా ఉంటుంది. కనుక ఆయుధం ఎంపిక ఒక లెక్కగా మారుతుంది.

చరిత్ర

పాత్రధారణ ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇది కంప్యూటరు లేకుండా కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట. 1975లో వెలువడిన దీని అనుబంధ గ్రంథం గ్రేహాక్‌లో "తుప్పు రాక్షసి" అనే జంతువు కనిపిస్తుంది. దీని స్పర్శ తగిలిన ఇనుప వస్తువులు తుప్పుపట్టి పోతాయి. మనిషికి పెద్దగా హాని చేయని ఈ జంతువును చూసి ఆటగాళ్ళు భయపడేవారు. ప్రాణం కంటే ఆయుధం పోతుందన్న బెంగ ఎక్కువగా ఉండేది.

1980 ప్రాంతంలో వచ్చిన రోగ్ అనే కంప్యూటరు ఆటలో ఈ ఆలోచన కొనసాగింది. ఇందులో కొన్ని జీవుల దెబ్బకు లోహ కవచం తుప్పుపట్టి దాని రక్షణ తగ్గుతుంది. తోలు కవచానికి తుప్పు పట్టదు. అందుచేత బలహీనమైనదే అయినా తోలు కవచం ధరించడం కొన్ని సందర్భాలలో తెలివైన పని అవుతుంది. 1987లో వెలువడిన నెట్‌హ్యాక్‌లో ఈ నియమం మరింత విస్తరించింది. అందులో ఇనుముకు తుప్పు, రాగికి క్షయం, తోలుకు కుళ్ళు పడతాయి.

1989 డిసెంబరులో జపానులో స్క్వేర్ సంస్థ గేమ్ బాయ్ అనే చేతి యంత్రానికి మకై తోషి సాగా అనే ఆటను విడుదల చేసింది. దీని రూపకర్త అకితోషి కవాజు. ఇందులో ఆయుధాలకు నిర్ణీతమైన వాడుకల సంఖ్య ఉంది. 1990 ఏప్రిల్ 20న నింటెండో సంస్థ ఫామికామ్ యంత్రంపై ఫైర్ ఎంబ్లెమ్ వరుసలోని తొలి ఆటను విడుదల చేసింది. దీనిని ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థ తయారుచేసింది. ముఖ్య రూపకర్త షోజో కాగా. ఆయుధ మన్నికను వంతులవారీ యుద్ధానికి కేంద్రంగా చేసిన ఆటలలో ఈ వరుస బాగా ప్రసిద్ధమైనది.

మన్నికను లెక్కించే పద్ధతులు

ఆటలలో మన్నికను స్థూలంగా మూడు విధాలుగా లెక్కిస్తారు.

1. వాడుకల లెక్క: ప్రతి ఆయుధానికి ఇన్ని వాడుకలు అని సంఖ్య ఉంటుంది. దెబ్బకొక వాడుక తగ్గుతుంది. సున్నాకు చేరగానే ఆయుధం విరిగిపోతుంది. సాగా, ఫైర్ ఎంబ్లెమ్ ఆటలలో ఈ పద్ధతి ఉంది. చివరి దెబ్బ వరకు ఆయుధం పదును తగ్గదు.

2. స్థితి లెక్క: ఆయుధం ఏ స్థితిలో ఉందో శాతంలో చూపుతారు. స్థితి దిగజారిన కొద్దీ ఆయుధం నమ్మదగనిదిగా మారుతుంది. 1999లో వచ్చిన జాగ్డ్ అలయన్స్ 2 అనే వంతులవారీ ఆటలో తుపాకీ స్థితి బాగా తగ్గితే కాల్చే వేళకు అది పట్టేస్తుంది. పనిముట్ల పెట్టె ఉన్న సైనికుడు కొంత సమయం వెచ్చించి దానిని బాగుచేయగలడు.

3. సంఘటన లెక్క: మామూలు వాడుక వలన అరుగుదల ఉండదు. తుప్పు, నిప్పు, ఆమ్లం వంటి ప్రత్యేక సంఘటన జరిగినప్పుడే ఆయుధం లేదా కవచం చెడుతుంది. రోగ్, నెట్‌హ్యాక్ ఈ రకానికి చెందినవి.

మొదటి పద్ధతిలో ఆటగాడు పొదుపు నేర్చుకుంటాడు. రెండవ పద్ధతిలో సంరక్షణ నేర్చుకుంటాడు. మూడవ పద్ధతిలో ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని బట్టి పరికరం మార్చుకోవడం నేర్చుకుంటాడు.

ఆయుధం ఎంపిక: ఒక ఉదాహరణ

2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రంపై వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ ఆటలోని మూడు కత్తుల వివరాలు ఇవి. వెల ఆటలోని బంగారు నాణేలలో ఇవ్వబడింది.

ఇనుప కత్తి: దెబ్బ 5, బరువు 5, గురి 90, వాడుకలు 46, వెల 460
ఉక్కు కత్తి: దెబ్బ 8, బరువు 10, గురి 75, వాడుకలు 30, వెల 600
వెండి కత్తి: దెబ్బ 13, బరువు 8, గురి 80, వాడుకలు 20, వెల 1500

వెలను వాడుకల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క దెబ్బ ఖరీదు తెలుస్తుంది. ఇనుప కత్తికి 10, ఉక్కు కత్తికి 20, వెండి కత్తికి 75 నాణేలు. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులు దీనిని తరుగుదల లెక్కలలోని ఉత్పత్తి యూనిట్ల పద్ధతిగా గుర్తించగలరు. యంత్రం వెలను అది చేయగల పనితో భాగించినట్లే, ఇక్కడ కత్తి వెలను అది కొట్టగల దెబ్బలతో భాగిస్తున్నాము. ఈ ఆటలోని అంగడిలో వాడిన ఆయుధాన్ని అమ్మితే మిగిలిన వాడుకల విలువలో సగం మాత్రమే తిరిగి వస్తుంది.

ఈ ఆటలో దెబ్బ తీవ్రతను లెక్కించడం సులభం. పాత్ర బలానికి ఆయుధపు దెబ్బను కలిపి, శత్రువు రక్షణను తీసివేయాలి. ఆయుధం బరువు పాత్ర దేహదారుఢ్యం కంటే ఎక్కువైతే, ఎక్కువైన మేరకు పాత్ర వేగం తగ్గుతుంది. శత్రువు కంటే వేగం 4 లేదా అంతకు మించి ఎక్కువ ఉంటే పాత్ర ఒకే పోరులో రెండుసార్లు కొడుతుంది.

ఒక వీరుడికి బలం 8, దేహదారుఢ్యం 8, వేగం 11 ఉన్నాయనుకుందాం. ఎదుటి సైనికుడికి రక్షణ 6, వేగం 7, ప్రాణశక్తి 20. ప్రతి దెబ్బా తగిలిందనుకుంటే ఫలితాలు ఇలా ఉంటాయి.

ఇనుప కత్తితో ఒక దెబ్బకు 8 + 5 - 6 = 7. బరువు 5 మాత్రమే కనుక వేగం తగ్గదు. వేగంలో తేడా 4 కనుక రెండు దెబ్బలు. మొత్తం 14.

ఉక్కు కత్తితో ఒక దెబ్బకు 8 + 8 - 6 = 10. కాని బరువు 10, దేహదారుఢ్యం 8. కనుక వేగం 2 తగ్గి 9 అవుతుంది. తేడా 2 మాత్రమే. ఒకటే దెబ్బ. మొత్తం 10.

వెండి కత్తితో ఒక దెబ్బకు 8 + 13 - 6 = 15. బరువు 8 కనుక వేగం తగ్గదు. రెండు దెబ్బలు. మొత్తం 30.

ఇనుము కంటే మేలైన ఉక్కు కత్తి ఈ వీరుడి చేతిలో ఇనుప కత్తి కంటే తక్కువ పని చేసింది. దీని నుండి తెలిసేది ఏమంటే, ఆయుధం గొప్పతనం దాని అంకెలలో మాత్రమే ఉండదు, పట్టుకొన్న చేతిని బట్టి కూడా ఉంటుంది. దేహదారుఢ్యం 10 ఉన్న మరొక వీరుడికి ఇదే ఉక్కు కత్తి భారం కాదు.

శత్రువును బట్టి మారే ఖరీదు

ఒక్కొక్క దెబ్బ ఖరీదు చూసి ఇనుప కత్తి ఎప్పుడూ చవక అనుకోవడం పొరపాటు. పై వీరుడు రక్షణ 6 ఉన్న సైనికులపై ఇనుప కత్తిని పూర్తిగా వాడితే 46 దెబ్బలకు 322 హాని కలుగుతుంది. ఉక్కు కత్తితో 30 దెబ్బలకు 300, వెండి కత్తితో 20 దెబ్బలకు 300. మూడు కత్తులూ జీవితకాలంలో దాదాపు ఒకే పని చేస్తాయి. ఇక్కడ ఇనుప కత్తి నిస్సందేహంగా చవక.

అదే వీరుడికి రక్షణ 12 ఉన్న కవచధారి ఎదురైతే లెక్క తలక్రిందులవుతుంది. ఇనుప కత్తి దెబ్బకు 8 + 5 - 12 = 1 మాత్రమే హాని. మొత్తం కత్తి అరిగినా 46 దాటదు. ఉక్కు కత్తితో దెబ్బకు 4 చొప్పున 120, వెండి కత్తితో దెబ్బకు 9 చొప్పున 180. ఒక్కొక్క పాయింటు హానికి అయ్యే ఖరీదు ఇనుప కత్తితో 10 నాణేలు, ఉక్కు కత్తితో 5, వెండి కత్తితో సుమారు 8.3. ఇప్పుడు ఉక్కు కత్తి చవక, ఇనుప కత్తి అన్నిటికంటే ఖరీదు. రక్షణ అనేది ప్రతి దెబ్బ నుండి తీసివేయబడుతుంది కనుక, చిన్న చిన్న దెబ్బలు కవచం దగ్గర వృథా అవుతాయి. కవచధారులకు ప్రత్యేకంగా తయారైన సుత్తి, కవచ భేదక ఖడ్గం వంటివి ఉంటే వాటిని ఇటువంటి శత్రువుకే దాచి ఉంచడం అనుభవజ్ఞుల పద్ధతి.

ప్రాణం విలువ

ఫైర్ ఎంబ్లెమ్ ఆటలలో యుద్ధంలో పడిపోయిన పాత్ర సాధారణంగా మళ్ళీ లేవదు. కథ ముగిసేవరకు ఆ పాత్ర ఉండదు. 2010లో జపానులో వచ్చిన ఆటలో పడినవారు తరువాతి యుద్ధానికి తిరిగి వచ్చే సులభ పద్ధతిని ఐచ్ఛికంగా చేర్చారు. అంతకు ముందు ఆటలలో ఆ సౌకర్యం లేదు.

ఈ నియమం వలన నాణేల లెక్కకు మరొక లెక్క తోడవుతుంది. పై ఉదాహరణలో ప్రాణశక్తి 20 ఉన్న సైనికుడిని ఇనుప కత్తితో చంపడానికి మూడు దెబ్బలు కావాలి. వీరుడు ఒక దెబ్బ కొడతాడు, సైనికుడు ఎదురుదెబ్బ కొడతాడు, వీరుడు రెండవ దెబ్బ కొడతాడు. సైనికుడికి ఇంకా 6 ప్రాణశక్తి మిగిలి ఉంటుంది. తన వంతులో సైనికుడు మళ్ళీ కొడతాడు. అప్పుడు వీరుడి ఎదురుదెబ్బతో పడిపోతాడు. అంటే వీరుడు రెండు దెబ్బలు తిన్నాడు, 30 నాణేల కత్తి అరిగింది. వెండి కత్తితో అయితే రెండవ దెబ్బకే సైనికుడు పడిపోతాడు. వీరుడు తిన్నది ఒకటే దెబ్బ, అరిగిన కత్తి విలువ 150 నాణేలు.

అనగా ఒక దెబ్బ తప్పించుకోవడానికి 120 నాణేలు అదనంగా ఖర్చయ్యాయి. వీరుడు ఆరోగ్యంగా ఉంటే ఆ ఖర్చు దండుగ. రెండవ దెబ్బకు వీరుడి ప్రాణం పోయే స్థితిలో ఉంటే ఆ ఖర్చు చాలా తక్కువ. ఆయుధం ఎంపికలో ఆటగాడు వేసుకోవలసిన అసలు ప్రశ్న ఇదే. కత్తిని పొదుపు చేయబోయి మనిషిని పోగొట్టుకుంటే ఆ పొదుపుకు అర్థం లేదు.

దాచుకొనే అలవాటు

అరుదైన ఆయుధాన్ని ఇంకా పెద్ద ఆపద వస్తుందేమోనని దాచి, చివరకు ఆట ముగిసేవరకు వాడకుండానే ఉంచివేయడం ఆటగాళ్ళలో తరచుగా కనిపించే అలవాటు. విరిగిపోయే వస్తువు మీద మనిషికి కలిగే మమకారం దీనికి ఒక కారణం. లాభం వలన కలిగే సంతోషం కంటే అంతే నష్టం వలన కలిగే బాధ ఎక్కువగా ఉంటుందని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. కత్తి విరగడం కంటికి కనిపించే నష్టం. కత్తి వాడనందువలన జరిగే నష్టం కంటికి కనిపించదు.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా ఉంది. తెలుగులో పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే నానుడి దానికే వర్తిస్తుంది. ఇనుప కత్తితో పడిపోయే దొంగపై వెండి కత్తి వాడటం ఇటువంటిదే.

మహాభారతంలో పోలికలు

పరిమితమైన వాడుక గల ఆయుధం అనే భావన భారతీయులకు కొత్తది కాదు. కర్ణుడు తన సహజ కవచకుండలాలను ఇంద్రునికి దానమిచ్చి, ప్రతిగా శక్తి అనే ఆయుధాన్ని పొందాడు. అది ఒకే ఒక్కసారి ప్రయోగించడానికి వీలైనది. ప్రయోగించిన తరువాత తిరిగి ఇంద్రుని చేరుతుంది. కర్ణుడు దానిని అర్జునుని కోసం దాచి ఉంచాడు. ద్రోణపర్వంలో, యుద్ధం పద్నాలుగవ నాటి రాత్రి, ఘటోత్కచుడు కౌరవసేనను చెల్లాచెదురు చేస్తున్నప్పుడు, తనవారి ఆర్తనాదాలు విని ఆ శక్తిని అతనిపై ప్రయోగించవలసి వచ్చింది. ఘటోత్కచుడు మరణించాడు. అర్జునుడు ఆ ఆయుధం నుండి తప్పించుకున్నాడు.

ఈ సందర్భంలో కర్ణుడు చేసినది తప్పా అనేది ఆలోచించదగిన ప్రశ్న. ఆ రాత్రి శక్తిని దాచి ఉంచితే సేన మిగలదు. సేన లేకపోతే మరునాడు అర్జునునితో పోరు ఉండదు. వాడితే అర్జునునిపై ఉన్న ఒకే ఒక ఆధిక్యం పోతుంది. రెండు దారులలోనూ నష్టం ఉంది. కర్ణుని ప్రత్యర్థి పక్షం చేసిన పని కూడా గమనించదగినది. శ్రీకృష్ణుడు ఘటోత్కచుని ముందుకు పంపి ఆ ఒక్క వాడుక ఖర్చయ్యేలా చేశాడు. ఎదుటివాడి ఆయుధపు మన్నికను అరగదీయడం కూడా ఒక యుద్ధ నీతే.

అర్జునుని అక్షయ తూణీరాలు దీనికి భిన్నమైనవి. ఖాండవ దహన సమయంలో గాండీవంతో పాటు లభించిన ఈ అమ్ములపొదులలో బాణాలు తరగవు. ఆటల భాషలో చెప్పాలంటే మన్నిక నియమం వర్తించని ఆయుధం ఇది. అటువంటిది కూడా మౌసలపర్వంలో, యాదవ స్త్రీలను కాపాడవలసిన వేళ, అర్జునునికి పనిచేయలేదు. బాణాలు నిండుకున్నాయి.

వాస్తవ జీవితంలో మన్నిక

ఆటలో కత్తికి 46 దెబ్బలు అనే లెక్క కృత్రిమమైనది. నిజమైన కత్తి ఇన్ని దెబ్బలకు విరుగుతుందని ఎవరూ చెప్పలేరు. అయితే దాని వెనుక ఉన్న సూత్రం నిజమే. లోహం గట్టిదనం పెరిగిన కొద్దీ పదును నిలుస్తుంది, కాని పెళుసుదనం కూడా పెరుగుతుంది. మెత్తని ఇనుము వంగుతుంది కాని విరగదు. తెలంగాణలో నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు తయారీకి పేరుపొందింది. అక్కడి ఉక్కు దిమ్మలను కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దిలో హెన్రీ వాయ్సీ ఈ పరిశ్రమను వర్ణించాడు. దక్షిణ భారత మూసల ఉక్కుకు ఆంగ్లంలో స్థిరపడిన వూట్జ్ అనే పేరు, ఉక్కు అనే మాట నుండి వచ్చిందని భావిస్తారు. కర్బనం ఎక్కువగా ఉండే ఈ ఉక్కును సరైన వేడిలో సాగగొడితేనే మంచి కత్తి అవుతుంది. వేడి మించితే సుత్తి క్రింద పగిలిపోతుంది.

తుప్పు విషయానికి వస్తే కోనసీమలోని సముద్రతీర గ్రామాలు మంచి ఉదాహరణ. అల్లవరం మండలంలోని ఓడలరేవు వంటి తీర ప్రాంతాలలో గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. ఉప్పు కలిసిన తేమ ఇనుముపై పలుచని విద్యుద్వాహక పొరగా ఏర్పడి, ఆక్సిజనుతో జరిగే చర్యను వేగవంతం చేస్తుంది. అందుచేత కొడవలి, పార, కొబ్బరికాయలు ఒలిచే గునపం వంటివి లోపలి ప్రాంతాలలో కంటే త్వరగా తుప్పుపడతాయి. వాడిన తరువాత మంచినీటితో కడిగి, తుడిచి, నూనె రాసి ఉంచడం దీనికి ఉపాయం. ఇటువంటి చోట పనిముట్టు జీవితకాలాన్ని ఎన్నిసార్లు వాడాము అన్నదానికంటే ఎలా ఉంచాము అన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. పైన చెప్పిన మూడు పద్ధతులలో స్థితి లెక్క దీనికి దగ్గరగా ఉంటుంది.

తరువాతి మార్పులు

మన్నిక నియమం అందరికీ నచ్చలేదు. ఫైర్ ఎంబ్లెమ్ వరుసలోనే ఇది పలుమార్లు మారింది. 1992లోని రెండవ ఆటలో ఆయుధాలు అరగవు. 1996లోని ఆటలో ఆయుధాలను డబ్బు చెల్లించి బాగుచేయించుకోవచ్చు. కత్తి గొడ్డలిని, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని మించే ఆయుధ త్రికోణం కూడా ఆ ఆటతోనే మొదలైంది. 2015లోని ఫేట్స్‌లో ఆయుధాలకు వాడుకల పరిమితి తీసివేసి, బదులుగా ఇతర లోపాలు పెట్టారు. వెండి ఆయుధం వాడినవాడి బలం, నైపుణ్యం కొంతసేపు తగ్గుతాయి. 2019లోని త్రీ హౌసెస్‌లో మన్నిక తిరిగి వచ్చింది. కాని విరిగిన ఆయుధాన్ని బలహీనంగానైనా వాడవచ్చు, ఖనిజాలతో బాగుచేయించవచ్చు. 2023లోని ఎంగేజ్‌లో మంత్రదండాలకు తప్ప మామూలు ఆయుధాలకు పరిమితి లేదు.

ఈ మార్పులను గమనిస్తే, అరుగుదల తీసివేసిన ప్రతిచోటా దాని స్థానంలో మరొక వెల పెట్టవలసి వచ్చిందని తెలుస్తుంది. ఏ వెలా లేకుండా బలమైన ఆయుధాన్ని ఇస్తే ఆటగాడు మిగిలినవాటిని ముట్టుకోడు. ఎంపికకు తావు ఉండదు.

ఎంపికలో పాటించదగిన సూత్రాలు

• ఆయుధం వెలను కాక, ఎదుటి శత్రువుపై అది చేయగల పనికి అయ్యే వెలను చూడాలి.
• పాత్ర మోయగల బరువును మించిన ఆయుధం ఇవ్వరాదు.
• మామూలు శత్రువులకు చవక ఆయుధం, కవచధారులకు తగిన ప్రత్యేక ఆయుధం వేరువేరుగా ఉంచుకోవాలి.
• వాడుకలు రెండు మూడు మాత్రమే మిగిలిన ఆయుధంతో యుద్ధంలోకి వెళ్ళేటప్పుడు రెండవ ఆయుధం వెంట ఉండాలి.
• అరుదైన ఆయుధాన్ని ఏ సందర్భంలో వాడాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. ఆ సందర్భం వచ్చినప్పుడు వెనుకాడరాదు.
• ప్రాణాపాయం ఉన్నప్పుడు పొదుపు లెక్క పక్కన పెట్టాలి.